తడారితే రాలిపోయే సైన్యం

సీలేరులో జూన్ దాటిందంటే ఇంట్లో పొడి వస్తువంటూ మిగలదు. అగ్గిపెట్టెను పొయ్యిగట్టు మీద దాచుకోవాలి. ఉప్పు జాడీలో నీరూరుతుంది. బీరువా తలుపు తీస్తే బూజు వాసన. గుంటవాడ జలాశయం మీంచి లేచిన మంచు ఒక్కోరోజు మధ్యాహ్నం దాకా కాలనీని వదలదు. ఎగువ సీలేరు కేంద్రంలో 240 మెగావాట్ల యంత్రాలు తిరిగేది ఈ నీళ్లతోనే, ఊరు బతికేదీ వీటి మీదే. అలాంటి ఊళ్లో నేను మట్టి సైనికులను పోగుచేస్తున్నాను.

చైనా తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధి దగ్గర బయటపడ్డ సైన్యానికి నకళ్లవి. అరచేతిలో ఇమిడే బొమ్మలు. ఇప్పటికి పదకొండు పోగయ్యాయి. మొదటిది మా మేనల్లుడు తెచ్చాడు. వాడు చైనాలో వైద్యం చదువుకున్నాడు. ఇంటికొస్తూ షియాన్ నగరంలో కొన్నాడు. మోకాలి మీద కూర్చున్న విలుకాడది. కుడి మోకాలు నేలకు ఆనించి, ఎడమ మోకాలు పైకి మడిచి, కనిపించని విల్లును పట్టుకున్నట్టు రెండు చేతులూ కుడి పక్కకు పెట్టి కూర్చున్నాడు. ఎత్తు 12 సెంటీమీటర్లు. అసలు విలుకాడు సుమారు 120 సెంటీమీటర్లు ఉంటాడు. అంటే నా చేతిలో ఉన్నది పదోవంతు మనిషి.

బొమ్మను తిరగేసి చూడండి. వెనక్కి మడిచిన కుడికాలి జోడు అడుగుభాగం కనిపిస్తుంది. దాని మీద చుక్కలు చుక్కలుగా కుట్లున్నాయి. వేళ్ల దగ్గరా మడమ దగ్గరా దట్టంగా, నడుమ పలచగా. జోడు త్వరగా అరిగే చోట కుట్టు ఎక్కువ పడాలని జోళ్లు కుట్టేవాళ్లందరికీ తెలుసు. రెండువేల రెండువందల ఏళ్ల కిందట, భూమిలో పూడ్చిపెట్టబోయే బొమ్మకు, ఎవరూ వెనక నుంచి వంగి చూడని చోట, ఒక పనివాడు ఆ తేడాను పాటించాడు. నేను ఈ బొమ్మల్లో పడిపోయింది ఆ కుట్లు చూశాకే.

మొదటి వానాకాలమే దాన్ని పాడుచేసుకున్నాను. భుజాల మీద తెల్లగా బూజు పట్టింది. తడిగుడ్డతో తుడిచి, త్వరగా ఆరుతుందని పొయ్యి పక్కన పెట్టాను. రాత్రి భోజనాల వేళకి కవచం మీది రంగు గుడ్డు పెంకులా లేచి నిలబడింది. వేలు తగిలితే ఊడి వచ్చింది. కింద బూడిదరంగు మట్టి బయటపడింది. ఎందుకిలా అయిందని వెతుక్కుంటూ పోతే తెలిసింది, అసలు సైన్యానికి జరిగింది కూడా ఇదేనని.

1974 మార్చి నెలాఖరు. షియాన్‌కు తూర్పున లింతోంగ్ దగ్గర కొందరు రైతులు నీళ్ల కోసం బావి తవ్వుతున్నారు. నాలుగైదు మీటర్ల లోతున గునపానికి కాల్చిన మట్టి తల ఒకటి తగిలింది. ఆ తర్వాత తేలిన లెక్క ఇది: ఒక్క మొదటి గుంతే 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. అన్ని గుంతల్లో కలిపి దాదాపు 8,000 మంది సైనికులు, 130 రథాలు, 520 రథాశ్వాలు ఉండవచ్చని అంచనా. చక్రవర్తి చనిపోయింది క్రీ.పూ. 210లో. ఆ తర్వాత ఈ సైన్యాన్ని లోకం మరిచిపోయింది; ఆ బావి దాకా దాని సంగతి బయటికి రాలేదు. 7వ శతాబ్దంలో మన అమరావతి ప్రాంతానికి వచ్చి ధాన్యకటకం గురించి రాసిపెట్టిన షువాన్ జాంగ్ బయలుదేరింది ఆ పక్కనున్న చాంగాన్ నుంచే. నేటి షియాన్ అదే. ఆయన దక్షిణ కోసల నుంచి పెద్ద అడవులు దాటుకుని ఆంధ్రదేశంలోకి దిగాడు. తాను బయలుదేరిన ఊరికి అంత దగ్గరలో ఉన్న సైన్యం గురించి మాత్రం తెలియకుండానే పోయాడు. ఘాట్ రోడ్డులో బస్సు ధారకొండ మలుపులు తిరుగుతున్నప్పుడు ఆయన నడక నాకు తరచూ గుర్తొస్తుంది.

మనకు ఫొటోల్లో కనిపించే సైనికులంతా బూడిదరంగులో ఉంటారు. భూమిలోకి దిగినప్పుడు వాళ్లు అలా లేరు. ముఖాలకు మనిషి చర్మం రంగు, అంగీలకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, జుట్టుకు నలుపు. 1999లో రెండో గుంతలో ఆకుపచ్చ ముఖమున్న విలుకాడు ఒకడు దొరికాడు. ఆ రంగులు ఏమైనట్టు? కొన్ని గుంతల్లో రేగిన మంటల్లో పోయాయి, కొన్ని పైకప్పు కూలి మట్టి మీద పడ్డప్పుడు పోయాయి. మిగిలినవాటిలో చాలా భాగం తవ్వి తీశాక, బయటి గాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే పోయింది.

కారణం రంగులో లేదు, దాని కింద ఉంది. కాల్చిన మట్టి మీద నేరుగా రంగు పూయలేదు వాళ్లు. ముందు ఒకటి రెండు పూతలు లక్క వేశారు. మనం ఇక్కడ ఆగాలి, ఎందుకంటే లక్క అంటే మనకు తెలిసింది వేరు.

మన లక్క పురుగు నుంచి వస్తుంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతుకు బిగించి తిప్పుతూ, లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. చల్లారితే గట్టిపడుతుంది, మళ్లీ వేడి చేస్తే మళ్లీ కరుగుతుంది. అదొక మైనం లాంటి లెక్క.

చైనావాళ్ల లక్క చెట్టు పాలు. ఆ చెట్టు మన జీడిమామిడికీ, మామిడికీ, ఈ కొండల్లో దొరికే నల్లజీడికీ చుట్టం; అన్నీ ఒకే కుటుంబం. నల్లజీడి గింజ రసం ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయని ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. చాకళ్లు బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడింది ఆ రసాన్నే. చైనా చెట్టు పాలలో ఉండే ఉరుషియాల్ అనే పదార్థం, నల్లజీడి రసంలో ఉండేది దగ్గరి జాతివి. రెండూ చర్మాన్ని కాలుస్తాయి, రెండూ గాలి తగిలి నల్లబడతాయి, రెండూ ఒకసారి పట్టుకుంటే వదలవు.

ఈ పాలు గట్టిపడే తీరు విచిత్రం. మామూలు రంగు ఆరడం అంటే అందులోని తడి ఆవిరైపోవడం. ఇది అలా కాదు. ఇది గట్టిపడాలంటే గాలిలో తేమ కావాలి, నూటికి 70, 80 వంతుల దాకా. పాలలోనే లాకేస్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాని నడుమ రాగి పరమాణువులుంటాయి. గాలిలోని ఆక్సిజన్‌ను అందుకుని ఉరుషియాల్ అణువులను ఒకదానికొకటి ముడివేసుకుంటూ పోతుంది. ఆ పని తేమలోనే సాగుతుంది. అందుకే లక్క పూసిన వస్తువులను తడిపిన గదుల్లో, పెట్టెల్లో పెట్టి ఆరబెడతారు. జపాన్ శాస్త్రవేత్త హికోరొకురో యోషిదా 1883లో ఈ ఎంజైమ్ సంగతి కనిపెట్టాడు. నా పదకొండు బొమ్మలకు శత్రువైన సీలేరు ముసురు, ఆ లక్క పనివాడికైతే కోరి దొరకని వాతావరణం అయ్యుండేది.

అలా గట్టిపడ్డ లక్క పూత రెండువేల ఏళ్లకు పైగా తడిమట్టిలో నానుతూ ఉంది. ఆమ్లానికి లొంగని ఆ పూత నీటికి మాత్రం మెల్లగా లోబడింది. పాతబడి, లోపల సన్నటి ఖాళీలు ఏర్పడి, ఆ ఖాళీల నిండా నీరు చేరింది. ఇప్పుడు దాన్ని నిలబెడుతున్నది ఆ నీరే. తవ్వి బయటికి తీస్తే నీరు ఆవిరవుతుంది, పూత ముడుచుకుంటుంది, అంచులు పైకి లేస్తాయి. కింద కాల్చిన మట్టి ఒక్క వెంట్రుక మందం కూడా ముడుచుకోదు. ఒకటి ముడుచుకుని, ఒకటి ముడుచుకోకపోతే మధ్యలో అతుకు తెగుతుంది. పైనున్న ఊదా, ఎరుపు, ఆకుపచ్చ లక్కతోపాటే రేకులై రాలి మట్టిలో కలిసిపోతాయి. మా పొయ్యి పక్కన జరిగింది దీని చిన్న రూపం.

షియాన్ నిపుణులు జర్మనీలోని బవేరియా పరిరక్షణ శాఖవాళ్లతో కలిసి ఏళ్ల తరబడి దీనికి మందు వెతికారు. దొరికిన ఉపాయం ఇదీ: సైనికుడి ముక్క బయటపడగానే తడి ఆరనివ్వకుండా, పాలిఇథిలీన్ గ్లైకాల్ ద్రావణంతో తడుపుతారు. అది లక్క సందుల్లోకి ఇంకి, నీటి చోటును మెల్లగా ఆక్రమిస్తుంది. నీటిలా ఆవిరైపోదు కాబట్టి పూత ముడుచుకోదు. దానితోపాటు ఒక జిగురు, పూతను మట్టికి పట్టి ఉంచడానికి. ఇంకా వేలమంది సైనికులను తవ్వకుండా భూమిలోనే వదిలేయడానికి రంగు పోతుందన్న భయం ఒక పెద్ద కారణం. తొందరపడకపోవడం కూడా విజ్ఞానంలో భాగమేనని నేను నమ్ముతాను. ఈ విషయంలో వాళ్లను మనసారా మెచ్చుకుంటాను.

ఈ లక్కే ఇంకో చిక్కుముడి కూడా విప్పింది. గుంతల్లో దొరికిన కంచు ఆయుధాల్లో కొన్ని నిన్న సాన పట్టినట్టు ఉన్నాయి. వాటి మీద క్రోమియం జాడ కనిపించింది. క్రోమియం పూత ఇరవయ్యో శతాబ్దపు విద్య. దాన్ని చైనావాళ్లు రెండువేల ఏళ్ల ముందే సాధించారన్న మాట ప్రపంచమంతా పాకింది. 2019లో లండన్ యూనివర్సిటీ కాలేజీ, చిన్ చక్రవర్తి సమాధి దగ్గరి మ్యూజియం పరిశోధకులు కలిసి 464 ఆయుధాలను పరీక్షించారు. క్రోమియం కనిపించింది 37 మీద మాత్రమే. అదీ ఎక్కువగా పిడి ఉండే చోట, లక్క పూసిన కర్రకు దగ్గరగా. క్రోమియం వచ్చింది లక్క నుంచి. బాగా మెరిసే ఆయుధాల మీద అది దాదాపు లేనే లేదు. ఆయుధాలను కాపాడింది కంచులో తగరం పాళ్లు, కొద్దిగా క్షారగుణమున్న సన్నటి మట్టి. గొప్ప కథ ఒకటి పోయిందని కొందరు బాధపడ్డారు. నాకు కొత్త కథే ఎక్కువ నచ్చింది.

ఇక ఆ ఊదా రంగు. అది నేల నుంచి తవ్వి తీసింది కాదు. దాన్ని మనిషి తయారుచేశాడు. స్ఫటికశిల పొడి, రాగి ఖనిజం, బేరియం ఖనిజం, కాస్త సీసం ఉప్పు కలిపి 900 నుంచి 1,000 డిగ్రీల దాకా కాల్చితే బేరియం కాపర్ సిలికేట్ వస్తుంది. వేడి కొంచెం ఎక్కువైనా తక్కువైనా ఊదా రాదు. ఈజిప్టువాళ్ల నీలంలో కాల్షియం ఉండే చోట ఇక్కడ బేరియం ఉంది. బేరియం ఖనిజమైన బెరైటీస్‌ను మనం ముగ్గురాయి అంటాం. కడప ప్రాంతంలోని మంగంపేట గనుల్లో దొరుకుతుంది, ప్రపంచంలోని అతిపెద్ద నిక్షేపాల్లో ఒకటి. వాకిట్లో ముగ్గును గుర్తుచేసే పేరున్న ఈ రాయిలోనూ, ఆ సైనికుల ఊదా అంగీల్లోనూ ఉన్నది అదే బేరియం.

1992లో స్మిత్సోనియన్ సంస్థ నిపుణులు ఆ రంగు కూర్పును తేల్చారు. 2006లో అదే పదార్థం భౌతికశాస్త్రంలో సంచలనమైంది. చెన్నైలో చదువుకున్న సుచిత్రా సెబాస్టియన్, ఆమె సహచరులు ఈ ఊదా స్ఫటికాన్ని పరమశూన్యానికి బాగా దగ్గరికి చల్లార్చి, 23 టెస్లాలకు మించిన అయస్కాంత క్షేత్రంలో పెట్టారు. అప్పుడు అందులోని అయస్కాంత తరంగాలు మూడు దిక్కులా కాక, పొరల్లో రెండు దిక్కుల్లోనే కదలడం మొదలుపెట్టాయి. కుమ్మరి కొలిమి పక్కన పుట్టిన రంగు పొడి క్వాంటం ప్రయోగశాలకు వెళ్లింది.

నా దగ్గరున్న బొమ్మలు నకళ్లే అయినా, చిన్న సైనికులు నిజంగా ఆ కాలంలోనే ఉండేవాళ్లు. చాలామందికి ఈ సంగతి తెలియదు. బావి తవ్వడానికి 9 ఏళ్ల ముందే, 1965లో, షియాన్‌యాంగ్ దగ్గర యాంగ్‌జియావాన్‌లో రెండున్నర వేల రంగు బొమ్మల సైన్యం దొరికింది. కాల్బలం, 583 మంది ఆశ్వికులు. కాల్బలం ఎత్తు అరమీటరు లోపే. అది చిన్ కాలం కాదు, ఆ వెనక వచ్చిన హాన్ రాజులది. క్రీ.పూ. 141లో చనిపోయిన హాన్ చక్రవర్తి జింగ్ సమాధి దగ్గర, 1990లో విమానాశ్రయం రోడ్డు వేస్తుంటే, 60 సెంటీమీటర్ల సైనికులు బయటపడ్డారు. చేతులు లేవు, బట్టలు లేవు. కర్ర చేతులు, పట్టు బట్టలు పుచ్చి మట్టయిపోయాయి. వీటన్నిటిలో నిలువెత్తు సైన్యం ఒక్క చిన్ చక్రవర్తిదే. ఆయన కూడా తన కంచు రథాలను సగం కొలతలోనే చేయించాడు.

మనుషులను ఎందుకు కుదించారు? ఖర్చు ఒక కారణం. మట్టి చెప్పే కారణం ఇంకొకటి ఉంది. అది నేను చదివి కాదు, చేసి తెలుసుకున్నాను.

నిలువెత్తు మనిషిని పదోవంతుకు తగ్గిస్తే ఎత్తు పదోవంతు అవుతుంది, కానీ బరువు వెయ్యో వంతు అవుతుంది. 180 కిలోల సైనికుడు 180 గ్రాములకు దిగుతాడు. మట్టి ఆరే కాలమూ ఇలాగే మారుతుంది. లోపలి తడి పైకి పాకి రావాలి. మందం పదింతలైతే ఆరడానికి వందింతల కాలం కావాలి. పై మట్టి ముందు ఆరి ముడుచుకుంటే, లోపలి తడిమట్టి దాన్ని ముడుచుకోనివ్వదు, పగులు పడుతుంది. అందుకే చిన్ కుమ్మరులు మొండేన్ని డొల్లగా, మట్టి తాళ్లను చుట్ట మీద చుట్టగా పేర్చి కట్టారు. కాళ్లను మాత్రం గట్టిగా నింపారు, బరువు కిందే ఉండి నిలబడాలని. తలలు అచ్చుల్లో తీసి, ఆ తర్వాత చేత్తో చెక్కారు. 30 మంది సైనికుల చెవులను కొలిచి చూస్తే ఏ రెండూ ఒకేలా లేవని 2014లో ఒక పరిశోధన చెప్పింది. నా పదకొండు బొమ్మల చెవులు అచ్చంగా ఒకటే. ఒకే అచ్చు.

వారపు సంతకు కుండలు తెచ్చే ముసలాయన ఒకరున్నారు, కొండ దిగువ నర్సీపట్నం వైపు మనిషి. ఆయన దగ్గర మట్టి తీసుకుని జానెడు విలుకాణ్ని చేశాను. లోపల నిండుగా. రెండు రోజులు ఎండలో పెట్టి, పెరట్లో పిడకలూ ఊకా పేర్చి కాల్చాను. పావుగంటలో టపాకాయలా పేలాడు. గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు చోటు కావాలి. మట్టి లోపల చోటెక్కడుంది? మరుసటి వారం ముక్కలు చూపిస్తే ముసలాయన చేత్తో తిప్పి చూసి అన్నాడు: “పైన ఆరిపోయినట్టే కనిపిస్తాది బాబూ, లోపల తడి దాగుంటాది. సెంపకి ఆనించి సూడు. సల్లగుంటే ఇంకా తడున్నట్టే.”

“మరి మీ కుండలు ఎర్రగా ఉంటాయి కదా తాతా, ఈ చైనా బొమ్మలు బూడిదరంగెందుకు?” అని అడిగాను. నా విలుకాణ్ని చేతిలోకి తీసుకుని, “ఆవం మూసేసుంటారు. గాలి ఆడకపోతే ఎరుపెక్కడొస్తాది?” అన్నాడు. ఇనుము లేని మట్టి అరుదు. గాలి ఆడితే ఆ ఇనుము ఆక్సిజన్ పట్టుకుని ఎర్రబడుతుంది, గాలి ఆపితే బూడిదగా, నల్లగా మారుతుంది. పుస్తకం తెరవకుండా ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

సంక్రాంతికి మా అమ్మ బొమ్మల కొలువు పెట్టినప్పుడు కింది మెట్టు మీద నా సైనికులకు చోటిస్తుంది, కొండపల్లి ఏనుగు అంబారీకి ముందు. తగరపు సైనికులు కూడా రెండున్నాయి. వాటిని మాత్రం చలికాలంలో కొంచెం కనిపెట్టి ఉంటాను. తగరం స్వచ్ఛంగా ఉంటే 13 డిగ్రీలకు దిగువన మెల్లగా బూడిదపొడిగా మారే గుణం దానికుంది. లంబసింగిలో నీళ్లు గడ్డకట్టేంత చలి ఉంటే సీలేరు రాత్రులూ ఏమంత వెచ్చగా ఉండవు. కాస్త యాంటిమొనీ కలిసిన తగరానికి ఆ భయం లేదు. సీసం బొమ్మలకు కర్రపెట్టే ప్రమాదం. కర్ర నుంచి వచ్చే వెనిగర్ ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలుతుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బొమ్మ సైనికుల పటాలాలను చూసినప్పుడల్లా, వాళ్లను అలా నిలబెట్టి ఉంచడం వెనక ఎంత శ్రద్ధ ఉందో అనిపిస్తుంది. మట్టి బొమ్మలను ఇప్పుడు మూత బిగించే గాజు సీసాల్లో, సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాను. పొట్లాలు మరీ ఎక్కువ వేయను. తేమ ఒక్కసారిగా మారకపోవడమే ముఖ్యం, మరీ పొడిగా ఉండటం కాదు. రంగు లేచిన విలుకాణ్ని బాగుచేయించలేదు. భుజం మీద ఆ బూడిదరంగు మచ్చ అలాగే ఉంది.

రెండో ప్రయత్నం నడుము దగ్గర పగిలింది. మూడోవాణ్ని ముసలాయన చెప్పినట్టు డొల్లగా, మట్టి తాళ్లు పేర్చి చేశాను, మట్టిలో ఇసక, కొంచెం ఊక కలిపి. జోడు అడుగున అగ్గిపుల్లతో కుట్లు పొడిచాను, మడమ దగ్గర దట్టంగా. తడి గోనెపట్టా కప్పి అటక మీద పెట్టి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. బయట ముసురు పట్టి నాలుగు రోజులైంది. పొద్దున్నే నిచ్చెనెక్కి, పట్టా ఎత్తి, వాడి వీపుకు చెంప ఆనించి చూశాను. ఇంకా చల్లగానే ఉంది.